స్పీడ్ టెస్ట్ బానే ఉంది, మరి కాల్ ఎందుకు ముక్కలవుతోంది? ఇంటి నెట్‌వర్క్‌లో తేడా ఎక్కడుందో పింగ్‌తో పట్టుకోవడం

స్పీడ్ టెస్ట్ పెడితే 94 ఎంబీపీఎస్ చూపిస్తుంది, ప్లాన్ 100, అంటే లెక్క ప్రకారం అంతా బానే ఉన్నట్టే, కానీ ఆఫీస్ మీటింగ్‌లో కూర్చుంటే అవతలోళ్ళ మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, మనం అన్నది వాళ్ళకి చేరేలోపు ఇంకెవరో మాట్లాడటం మొదలెట్టేస్తారు, పక్క గదిలో గేమ్ ఆడే పిల్లాడు లాగ్ లాగ్ అని అరుస్తుంటాడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సార్, మీకు స్పీడ్ బానే వస్తుంది కదా" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, మనమూ చెప్పట్లేదు, ఇద్దరం వేర్వేరు విషయాల గురించి మాట్లాడుకుంటున్నాం అంతే.

స్పీడ్ అంటే సెకనుకి ఎంత డేటా వస్తుందనేది. రెస్పాన్స్ అంటే మన కంప్యూటర్ ఒక చిన్న ప్యాకెట్ (డేటా ముక్క) పంపితే దానికి జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందనేది, దీన్నే లేటెన్సీ అంటారు, గేమర్లయితే సింపుల్‌గా పింగ్ అనేస్తారు. ఎండాకాలంలో అపార్ట్‌మెంట్‌కి వాటర్ ట్యాంకర్ తెప్పించుకోవడం తెలుసు కదా, ట్యాంకర్‌లో ఎన్ని లీటర్లు పడతాయనేది స్పీడు, ఫోన్ చేశాక ఎంతసేపటికి గేటు ముందుకొచ్చింది అనేది రెస్పాన్స్. సినిమా డౌన్‌లోడ్ చేసుకోవడానికి మొదటిది చాలు. కాల్‌కి, గేమ్‌కి, రిమోట్ డెస్క్‌టాప్‌కి రెండోదే ప్రాణం, ఆఖరికి ఒక వెబ్ పేజీ ఓపెన్ అవ్వాలన్నా లోపల బోలెడు సార్లు అడగటం, జవాబు రావటం జరుగుతుంది కాబట్టి అక్కడ కూడా రెండోదే ఎక్కువ తేడా చూపిస్తుంది. ఒక మామూలు వాయిస్ కాల్‌కి 100 కేబీపీఎస్ ఉంటే చాలు, అందుకే కాల్ కట్ కట్ అవుతుందని 100 ప్లాన్ తీసేసి 300 ప్లాన్ వేయించుకున్నవాళ్ళకి చాలాసార్లు బిల్లు తప్ప ఇంకేం మారదు.

మరి చూడాల్సిందేంటి అంటే, మన కంప్యూటర్ నుంచి రూటర్ వరకు ఒక ముక్క, రూటర్ నుంచి బయటకి ఒక ముక్క, అక్కడి నుంచి మనకి కావాల్సిన సర్వర్ వరకు ఇంకో ముక్క. తేడా ఏ ముక్కలో ఉందో తేలకుండా రూటర్ రీసెట్ కొట్టడం, డీఎన్ఎస్ (సైట్ పేరు చెప్తే దాని నంబరు వెతికిచ్చేది) మార్చడం, కొత్త రూటర్ కొనడం ఇవన్నీ చీకట్లో రాళ్ళేయడమే. ముక్కని కొలిచే పనిముట్టు మాత్రం ప్రతి కంప్యూటర్‌లో ఫ్రీగానే ఉంది, అదే పింగ్. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ అనే ఆయన అమెరికా ఆర్మీ బాలిస్టిక్ రీసెర్చ్ లాబ్‌లో నెట్‌వర్క్ ఏదో తేడాగా ఉందని చూసి అప్పటికప్పుడు రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఇది. సబ్‌మెరైన్లు శబ్దం వదిలి ప్రతిధ్వని వినే సోనార్ పద్ధతే దీనికీ, ఒక ప్యాకెట్ పంపడం, అది తిరిగొచ్చే టైం లెక్కెయ్యడం. నలభై ఏళ్ళు దాటినా ఇంటి నెట్‌వర్క్‌కి దీన్ని మించింది లేదనే నా ఉద్దేశం, కాకపోతే ఇది చెప్పే మాటల్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియాలి, లేదంటే మనల్ని తప్పుదారి కూడా పట్టిస్తుంది.

విండోస్ కీ నొక్కి సీఎండీ అని కొడితే నల్ల విండో వస్తుంది. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా గానీ అక్కడ కొట్టాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లోనే.) ముందు ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. అందులో రెండు లైన్లు చాలు, ఐపీవీ4 అడ్రస్, డిఫాల్ట్ గేట్‌వే. మొదటిది మన కంప్యూటర్ నంబరు, రెండోది రూటర్ నంబరు. రూటర్ నంబరు చాలామంది ఇళ్ళలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది, జియోఫైబర్ వాళ్ళదైతే 192.168.29.1 ఉంటుంది. మన అడ్రస్ 169.254 తో మొదలైతే మాత్రం ఇక ముందుకెళ్ళక్కర్లేదు, రూటర్ దగ్గర్నుంచి మన కంప్యూటర్‌కి అసలు అడ్రసే రాలేదు, అది దిక్కులేక తనకి తనే ఒకటి పెట్టుకుంది అని అర్థం. అప్పుడు కేబుల్ లూజుగా ఉందా, వైఫై పాస్‌వర్డ్ మారిందా, రూటర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే పని) ఆగిపోయిందా ఇవి చూసుకోవాలి.

పాత పుస్తకాల్లో ముందు 127.0.0.1 కి పింగ్ కొట్టమని రాస్తారు. నేనైతే దాన్ని వదిలేస్తా, అది కంప్యూటర్ తనకి తాను పంపుకునే ప్యాకెట్, కేబుల్ పీకేసినా, వైఫై ఆపేసినా రిప్లై వస్తూనే ఉంటుంది, దానివల్ల మనకి తెలిసేది చాలా తక్కువ.

అసలు టెస్ట్ రూటర్‌కి పింగ్. పింగ్, స్పేస్, 192.168.1.1 (మీ రూటర్ నంబరు వేరేదైతే అది), మళ్ళీ స్పేస్, మైనస్ టీ (ping 192.168.1.1 -t). ఆ మైనస్ టీ పెట్టకపోతే విండోస్ నాలుగంటే నాలుగు ప్యాకెట్లు పంపి ఆపేస్తుంది, నాలుగు సెకన్లలో ఏం తెలుస్తుంది, కాల్ మాట ముక్కలయ్యేది ఆ తర్వాత నిమిషంలో కావచ్చు. మైనస్ టీ పెడితే మనం కంట్రోల్ సీ నొక్కేదాకా నడుస్తూనే ఉంటుంది, కనీసం ఐదు పది నిమిషాలు వదిలేయండి, కాల్ నడుస్తున్నప్పుడే పెడితే ఇంకా మంచిది. చివర్లో వచ్చే యావరేజ్ చూసి మోసపోవద్దు, వందసార్లలో తొంభైఐదు సార్లు 3 మిల్లీసెకన్లు, ఐదుసార్లు 400 వచ్చినా యావరేజ్ ఇరవై చిల్లరే ఉంటుంది, చూడటానికి ముద్దుగా, కానీ కాల్‌ని చంపేది ఆ ఐదే. మ్యాగ్జిమం ఎంత, లాస్ (జవాబు రాని ప్యాకెట్లు) ఎంత, ఎన్ని నిమిషాలకోసారి ఎగురుతుంది ఇవీ చూడాల్సినవి.

లాన్ కేబుల్ మీద రూటర్ పింగ్ 1 మిల్లీసెకను లోపే రావాలి, ఇందులో మొహమాటం లేదు. 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద దగ్గరగా కూర్చుంటే 2 నుంచి 5, అప్పుడప్పుడు 10, 15 కి ఎగిరినా పర్లేదు. కానీ 3, 4, 180, 5, 620, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని ఒక లైను, ఇలా వస్తుంటే తేడా ఇంట్లోనే ఉంది, మన గది నుంచి హాల్లో ఉన్న రూటర్‌కి వెళ్ళి రావడానికే అరసెకను పడుతుంటే ఇక ముంబై సర్వర్ గురించి, కేబుల్ అబ్బాయి గురించి మాట్లాడుకోవడం దండగ. నేను చూసినంతవరకు "నెట్ స్లో" అనే కంప్లయింట్లలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి.

వైఫై గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. వైఫైలో ఒక ఛానెల్ మీద ఒక టైంలో ఒక్కరే మాట్లాడగలరు. మన ఫోన్, మన టీవీ, మన లాప్‌టాప్ మాత్రమే కాదు, పక్క ఫ్లాట్ వాళ్ళ రూటర్ కూడా అదే ఛానెల్‌లో ఉంటే వాళ్ళు ఆపేదాకా మనది ఆగాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు 1, 6, 11, ఈ మూడే. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఫోన్ తీసి వైఫై లిస్టు చూడండి, స్క్రోల్ చేస్తూనే ఉంటారు, అన్ని రూటర్లూ ఆ మూడు ఛానెళ్ళలోనే సర్దుకోవాలి. అందుకే వైఫై గుర్తులో గీతలు నిండుగా ఉన్నా పింగ్ చెత్తగా రావచ్చు, ఆ గీతలు సిగ్నల్ ఎంత గట్టిగా వినపడుతుందో చెప్తాయి గానీ గాలిలో ఖాళీ ఎంత ఉందో చెప్పవు. పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు అదే 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అన్నం వేడి చేసినప్పుడల్లా కాల్ ఆగుతుందంటే నవ్వుకోకండి, నిజమే. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ లాప్‌టాప్‌కి తగిలించినప్పుడు దాని పోర్టు, కేబుల్ నుంచి కూడా 2.4 మీద నాయిస్ వస్తుంది, వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదలడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం.

మన లాప్‌టాప్ ఏ బ్యాండ్ మీద ఉందో తెలుసుకోవాలంటే అదే నల్ల విండోలో నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అని కొట్టండి. ఛానెల్ అనే చోట 1 నుంచి 13 మధ్య నంబరు ఉంటే 2.4, 36 నుంచి పైన ఉంటే 5 గిగాహెర్ట్జ్ అనుకోవచ్చు. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంటే కొన్ని లాప్‌టాప్‌లు మొండిగా 2.4 నే పట్టుకుని కూర్చుంటాయి, రూటర్ సెట్టింగ్స్‌లోకెళ్ళి 5 కి వేరే పేరు పెట్టి దానికే కనెక్ట్ చేస్తే చాలామందికి అక్కడితో గొడవ వదిలిపోతుంది. కాకపోతే 5 గిగాహెర్ట్జ్ గోడల్ని అంత తేలిగ్గా దాటదు. మన ఇళ్ళలో రూటర్ ఎక్కడుంటుంది, ఫైబర్ లాగిన అబ్బాయికి ఎక్కడ వీలైతే అక్కడ, అంటే మెయిన్ డోర్ పైన, లేదా టీవీ వెనక, లేదా అటక మీద. పని చేసుకునే గది మాత్రం ఇంకో చివర, మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. బీరువాకి అద్దం కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు, లోహం రేడియో తరంగాలకి గోడ కంటే పెద్ద అడ్డు. కొత్త రూటర్ కొనేముందు ఉన్నదాన్నే నాలుగు మీటర్ల వైరు వేసి హాల్ మధ్యలోకి తేవడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఎక్స్‌టెండర్ కొందామనుకునేవాళ్ళకి ఒక మాట, చవకగా దొరికే ఎక్స్‌టెండర్లు రూటర్‌తో మాట్లాడేదీ మనతో మాట్లాడేదీ ఒకే రేడియో మీద, కాబట్టి ప్రతి ప్యాకెట్టూ గాల్లో రెండుసార్లు వెళ్ళాలి, గీతలు పెరుగుతాయి గానీ స్పీడు సగానికి పడుతుంది, పింగ్ ఇంకా ఊగుతుంది.

ఇంత గొడవ లేకుండా వైఫైదా కాదా తేల్చే టెస్ట్ ఒకటుంది, లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రూటర్‌కి నేరుగా తగిలించి మళ్ళీ అదే పింగ్ పెట్టడం. పోర్టు లేని సన్న లాప్‌టాప్ అయితే యూఎస్‌బీ అడాప్టర్ తెచ్చుకోండి, ఆ డబ్బు వృథా పోదు. కేబుల్ మీద 1 మిల్లీసెకను లోపు నిలకడగా వస్తే దోషం వైఫైదే. కేబుల్ మీద కూడా ఎగురుతుంటే రూటర్ పని అయిపోయింది లేదా కేబుల్ పాడైంది.

కేబుల్ పాడవడంలో ఒక తమాషా ఉంది. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. గిగాబిట్ స్పీడుకి ఎనిమిదీ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి నాలుగు తీగలు చాలు. ఎలుక కొరికో, క్రింపింగ్ (చివర పిన్ను బిగించడం) సరిగా పడకో మిగతా జతల్లో ఒక తీగ పోతే నెట్ ఆగదు, నోరు మూసుకుని 100 కి దిగిపోయి పనిచేస్తూనే ఉంటుంది. హెడర్లు (ప్రతి ప్యాకెట్ మీదా ఉండే అడ్రస్ వివరాలు) వగైరా పోను 100 లింక్ మీద వాస్తవంగా వచ్చేది 94, 95. కాబట్టి మీ ప్లాన్ 200 లేదా 300 అయ్యుండి కేబుల్ మీద స్పీడ్ టెస్ట్ ఎప్పుడు పెట్టినా 94 దగ్గరే గీత గీసినట్టు ఆగిపోతుంటే కంపెనీని తిట్టకముందు కేబుల్ మార్చి చూడండి, సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ దగ్గర 100/100 ఉందా 1000/1000 ఉందా చూస్తే తెలిసిపోతుంది. కొన్ని చవక రూటర్లకి పోర్టులే 100 వి, అప్పుడు కేబుల్ మార్చినా లాభం లేదు.

రూటర్ పింగ్ బాగుంది, ఇప్పుడు బయటకి వెళ్దాం. పింగ్ 8.8.8.8 మైనస్ టీ. ఇది గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్, 2009 నుంచి ఉంది, లేదా క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంకో కంపెనీ వాళ్ళ 1.1.1.1 కి కొట్టినా పర్లేదు. ఒకే నంబరుతో ప్రపంచమంతా చాలాచోట్ల సర్వర్లు పెట్టారు, మనకి జవాబిచ్చేది మామూలుగా మన దేశంలో ఉన్నదే, కాబట్టి హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో 10 నుంచి 40 మిల్లీసెకన్లు వస్తే బాగున్నట్టే. అమెరికాలో ఉన్న ఆఫీస్ సర్వర్‌కి వీపీఎన్ (ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వెళ్ళే భద్రమైన దారి) మీద 250 వస్తుందని కంగారుపడేవాళ్ళు చాలామందిని చూశాను, అందులో కంగారు పడాల్సిందేం లేదు. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, హైదరాబాద్ నుంచి న్యూయార్క్‌కి ఆకాశమార్గంలోనే దాదాపు 13 వేల కిలోమీటర్లు, పోనూ రానూ కలిపి 130 మిల్లీసెకన్లు వెలుతురుకే కావాలి, కేబుళ్ళు సముద్రాల కింద వంకరటింకరగా తిరిగి వెళ్తాయి కాబట్టి 200 దాటడం సహజం. డల్లాస్‌లో ఉన్న కూతురితో వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టి ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారే, అందులో కొంత భాగం ఎప్పటికీ పోదు. కానీ 8.8.8.8 కే 250 వస్తుంటే అది వేరే కథ.

ఆ కథలో ఎక్కువమందికి తెలియని పాత్ర ఒకటుంది. మామూలుగా ఉన్నప్పుడు 20 వస్తుంది, రాత్రి భోజనాలయ్యాక ఏదో ఒక టైంలో 500, 800 కి పోతుంది, కాసేపటికి మళ్ళీ 20. అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి, ఎవరో పెళ్ళికెళ్ళొచ్చారు, ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టారు, అది వైఫై దొరికింది కదాని వీడియోలన్నీ బ్యాకప్‌కి ఎక్కిస్తోంది. అప్‌లోడ్ నిండిపోయింది. నిండితే ఎక్కువైన ప్యాకెట్లు పడిపోవాలి, పడిపోతేనే పంపేవాడికి కాస్త తగ్గించాలని తెలుస్తుంది, ఇంటర్నెట్‌లో డేటా పంపే టీసీపీ అనే పద్ధతి ఆ సిద్ధాంతం మీదే నడుస్తుంది. కానీ మెమరీ చవకయ్యాక రూటర్లు తయారుచేసేవాళ్ళు ప్యాకెట్ ఒక్కటి కూడా పడిపోకూడదని పెద్ద పెద్ద బఫర్లు (ప్యాకెట్లు ఆగి ఉండే మెమరీ) పెట్టేశారు. దాంతో అన్నీ క్యూలో నిలబడతాయి, వెనకొచ్చిన మీ కాల్ ప్యాకెట్ కూడా ఆ వీడియో ప్యాకెట్ల వెనకే నిలబడాలి. లెక్క వేయండి, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్, బఫర్ 1 మెగాబైట్, అంటే 8 మెగాబిట్లు, ఆ క్యూ కదలడానికి 0.8 సెకను. మీ పింగ్ 800 ఎందుకైందో తెలిసింది కదా.

దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు, 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజినీర్ తన ఇంటి నెట్‌లోనే ఇది గమనించి గట్టిగా ప్రచారం చేశాడు. 2012లో కాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి తెచ్చారు, క్యూలో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూసి టైం దాటుతుంటే కొన్నిటిని కావాలనే పడేస్తుంది. దానికి ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో క్యూ కలిపిన ఎఫ్‌క్యూ కోడెల్ 2018లో ఆర్ఎఫ్‌సీ 8290 అనే ఇంటర్నెట్ పత్రంగా వచ్చింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రూటర్లలో ఎస్‌క్యూఎం అనే పేరుతో ఇది దొరుకుతుంది, లైను స్పీడులో ఓ 85, 90 శాతం దగ్గర లిమిట్ పెడితే క్యూ మన చేతిలో ఉంటుంది. కంపెనీవాళ్ళిచ్చే రూటర్లలో ఈ సెట్టింగ్ చాలావాటికి ఉండదు, అప్పుడు మిగిలిన దారి ఆ బ్యాకప్‌ని తెల్లవారుజాముకి మార్చుకోవడమే. మీకు ఇదుందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక, ఒక విండోలో 8.8.8.8 కి పింగ్ నడుస్తుండగా ఇంకో పక్క స్పీడ్ టెస్ట్ పెట్టి, అప్‌లోడ్ ముల్లు పైకెళ్ళేటప్పుడు పింగ్ నంబర్లు చూడండి. 20 కాస్తా 40 అయితే పర్లేదు. 400 అయితే దొరికింది దొంగ.

ఐపీ నంబరుకి పింగ్ వెళ్తుంది, పేరు కొడితే మాత్రం కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్ అంటుంది అంటే అది డీఎన్ఎస్ సమస్య, ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) కొట్టండి, తగ్గకపోతే డీఎన్ఎస్ నంబరు మార్చండి. అంతే దాని పని. డీఎన్ఎస్ మారిస్తే గేమ్‌లో పింగ్ సగానికి తగ్గుతుందని వీడియోలు చేసేవాళ్ళ మాటలు నమ్మొద్దు, డీఎన్ఎస్ మొదట్లో ఒక్కసారి అడ్రస్ చెప్పి పక్కకి తప్పుకుంటుంది, గేమ్ నడిచేటప్పుడు దానికేం సంబంధం లేదు.

ట్రేసర్ట్, స్పేస్, 8.8.8.8 (tracert 8.8.8.8) అని కొడితే దారిలో ఎన్ని రూటర్లున్నాయో ఒక్కో లైనుగా వస్తుంది. ఇక్కడ అందరూ జారిపడే చోటు ఏంటంటే, మధ్యలో నాలుగో లైన్లో 300 మిల్లీసెకన్లనో, స్టార్ (*) గుర్తులనో చూసి ఇదిగో ఇక్కడే తేడా అనేస్తారు. ఆ పెద్ద రూటర్లకి ముఖ్యమైన పని ప్యాకెట్లు ముందుకి తోయడం, మన పింగులకి జవాబివ్వడం తీరిక ఉన్నప్పుడు చేసేది, కొన్నయితే అసలు ఇవ్వవు. నాలుగో లైన్ 300 ఉండి ఐదు, ఆరు, ఏడు అన్నీ 25 ఉంటే అక్కడ ఏ సమస్యా లేదు. నాలుగు నుంచి చివరిదాకా అన్నీ పెరిగిపోయి అలాగే ఉంటే అప్పుడు అనుమానించాలి. రెండో మూడో లైన్లో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే నంబరు కనిపిస్తే మీ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని (బయటి ఇంటర్నెట్‌కి కనపడే నంబరుని) చాలామందికి పంచుతుందని అర్థం, ఊళ్ళో ఇంటికి పెట్టిన సీసీటీవీ బాక్సు బయట నుంచి పోర్ట్ ఫార్వర్డింగ్‌తో (బయట నుంచి లోపలి మెషీన్‌కి రూటర్‌లో దారి పెట్టడంతో) తెరుచుకోకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇప్పటిదాకా మన కంప్యూటర్ బయటకి అడిగేది చూశాం. రివర్స్‌లో కూడా ఒక తలనొప్పి ఉంది, ఒక గదిలో లాప్‌టాప్ నుంచి ఇంకో గదిలో డెస్క్‌టాప్‌కి పింగ్ కొడితే రిప్లై రాదు, ఫైల్ షేరింగ్ రాదు, ప్రింటర్ కనపడదు. ఇక్కడ పింగ్ చెప్పే మాటల మధ్య తేడా చాలా ముఖ్యం. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటే నేను పంపాను, జవాబు రాలేదు, ఎందుకో తెలీదు అని. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని మన సొంత నంబరు నుంచే వస్తే, ఆ అడ్రస్ ఉన్న మెషీన్ ఎవరు అని ఇల్లంతా అరిచి అడిగాను, ఎవరూ పలకలేదు అని. మొదటిదానికి కారణం ఎక్కువగా ఫైర్‌వాల్ (బయట నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా ప్రోగ్రాం), రెండోదానికి అవతలి మెషీన్ ఆఫ్‌లో ఉండటం, స్లీప్‌లోకి పోవడం, లేదా వేరే నెట్‌వర్క్‌లో ఉండటం. ఇంకో మాయ కూడా ఉంది, ఈ అన్‌రీచబుల్ మెసేజ్‌ని కూడా విండోస్ రిప్లై కిందే లెక్కేసి చివర్లో లాస్ సున్నా శాతం అని చూపిస్తుంది, కింద లెక్క మాత్రమే చూసేవాడు అంతా బానే ఉందనుకుంటాడు.

ఫైర్‌వాల్‌దా కాదా అన్నది తేల్చడానికి పింగ్ ఫెయిలైన వెంటనే ఏఆర్‌పీ మైనస్ ఏ (arp -a) కొట్టండి. ఆ లిస్టులో అవతలి కంప్యూటర్ ఐపీ పక్కన దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత నంబరు, కంప్యూటర్ ఫిజికల్ అడ్రస్ అంటుంది) కనపడిందంటే ఆ మెషీన్ బతికే ఉంది, కేబుల్, వైఫై అంతా బానే ఉంది, పింగ్‌కి జవాబివ్వకుండా నోరు కట్టేశారంతే. విండోస్ కొత్త నెట్‌వర్క్‌ని మామూలుగా పబ్లిక్ కింద పెడుతుంది, అంటే బస్టాండ్‌లో వైఫై లాగా చూస్తుంది, ఎవరడిగినా పలకదు. ఇంటి నెట్‌వర్క్ కాబట్టి ప్రైవేట్‌కి మార్చి ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే చాలావరకు పలుకుతుంది. కొంతమంది ఫైర్‌వాల్ మొత్తం ఆపేస్తారు, అది అవసరం లేదు, మంచిది కూడా కాదు, ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఎకో రిక్వెస్ట్ ఐసీఎంపీవీ4 అన్న ఒక్క రూల్ ఎనేబుల్ చేస్తే పింగ్ వస్తుంది.

ఏఆర్‌పీ లిస్టులో కూడా లేకపోతే రెండు మెషీన్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా చూడండి. గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయితే మామూలుగా ఒకళ్ళకొకళ్ళు కనపడరు, దాని ఉద్దేశమే అది. మన ఇళ్ళలో ఎక్కువగా కనపడేది మాత్రం రెండు రూటర్ల గొడవ, కంపెనీవాడిచ్చిన బాక్స్ ఒకటి, దాని వైఫై బెడ్‌రూమ్ దాకా రావట్లేదని పాత రూటర్ తెచ్చి దానికి తగిలించింది ఇంకొకటి. కేబుల్‌ని పాత రూటర్ వాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉండే పోర్టులో) పెడితే అది తన కింద వేరే నెట్‌వర్క్ తయారుచేసుకుంటుంది, హాల్లో ప్రింటర్ 192.168.1 లో, బెడ్‌రూమ్ లాప్‌టాప్ 192.168.0 లో, ప్రింటర్ వైపు నుంచి లాప్‌టాప్‌కి దారి ఉండదు, లాప్‌టాప్ వెతుక్కున్నా ప్రింటర్ లిస్టులోకి రాదు. సరే అని లాన్ పోర్టులో పెట్టి పాతదాన్లో డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే ఇంకా దారుణం, ఇద్దరూ అడ్రస్‌లు పంచుతారు, ఒక్కోసారి నెట్ వస్తుంది, ఒక్కోసారి రాదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. పాత రూటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రమే ఇచ్చేది) ఉంటే అది పెట్టండి. లేకపోతే కేబుల్ లాన్ పోర్టులో, డీహెచ్‌సీపీ ఆఫ్, దాని ఐపీ నంబరు మొదటి రూటర్‌ది కాకుండా వేరేది, ఈ మూడూ చేస్తే చాలు.

పింగ్ రిప్లైలో చివర టీటీఎల్ (TTL, దారిలో ఒక్కో రూటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గే లెక్క) అని ఒక నంబరుంటుంది కదా, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఉన్న విండోస్ మెషీన్ నుంచి 128 వస్తుంది, ఆండ్రాయిడ్, లినక్స్, మ్యాక్ నుంచి 64. విండోస్ డెస్క్‌టాప్‌కి కొట్టాననుకుంటే 64 వచ్చిందంటే ఆ నంబరు మీద కూర్చుంది డెస్క్‌టాప్ కాదు, ఇంకెవరిదో ఫోన్ అయ్యుండొచ్చు. అన్నట్టు ఫోన్‌కి పింగ్ కొట్టి వైఫై బాలేదని తేల్చేయొద్దు, బ్యాటరీ కోసం ఫోన్ రేడియో నిద్రపోతూ లేస్తూ ఉంటుంది, పక్కనే పెట్టుకున్నా 100, 200 రావడం మామూలే.

ఇవన్నీ చూశాక కూడా రూటర్ వరకు శుభ్రంగా ఉండి 8.8.8.8 కి మాత్రం సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్య ప్యాకెట్లు పోతున్నాయంటే, అప్పుడు ఫోన్ చేయండి కంపెనీకి. ఊరికే నెట్ స్లో అని చెప్పొద్దు. రెండు నల్ల విండోలు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో రూటర్‌కి, ఒకదాంట్లో 8.8.8.8 కి లాన్ కేబుల్ మీద పింగ్ నడిపించి, టాస్క్‌బార్‌లో టైం కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి పంపండి (విండోస్ పింగ్ ప్రతి లైనుకీ టైం రాయదు, అందుకే ఈ తిప్పలు). వైఫై బాలేదేమో సార్ అనే మాటకి అవకాశమే ఉండదు. టెక్నీషియన్ ఇంటికొస్తే రూటర్ రీస్టార్ట్ చేసి వెళ్ళనివ్వకండి, ఫైబర్‌లో ఆప్టికల్ పవర్ ఎంతుందో మీటర్ పెట్టి చూపించమనండి. చాలా బాక్సుల్లో సెట్టింగ్స్ పేజీలో కూడా ఆర్ఎక్స్ పవర్ అని కనపడుతుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) దాకా బాగున్నట్టు, మైనస్ 27 దగ్గరకో దాని కిందకో పోతే ఎక్కడో ఫైబర్ మరీ వంగింది, లేదా జాయింట్ సరిగా పడలేదు, లేదా కనెక్టర్ మూతికి దుమ్ము పట్టింది. ముందు రూటర్ వెనక పసుపురంగు సన్న ప్యాచ్ కార్డ్ మార్పించండి, బల్లకీ గోడకీ మధ్య నలిగేది అదే, దానికీ తగ్గకపోతే స్తంభం మీద జాయింట్ బాక్స్ తెరవాల్సిందే.